పీటీవైకి పీట వేయని చదువులు

విశాఖ రుషికొండ మీద నైట్ షిఫ్ట్‌లో కూర్చున్న అమ్మాయి పుట్టీ తెరిచి, సముద్రాల అవతల ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయిన ప్రతిసారీ ఆ సర్వర్ కెర్నల్‌లో ఒక సూడోటెర్మినల్ పుడుతుంది. పని తెలిసినవాళ్లు దాన్ని పీటీవై అంటారు. ఆమె కొట్టే ప్రతి అక్షరమూ దాని గుండానే షెల్‌ను చేరుతుంది. షెల్ చెప్పే ప్రతి మాటా దాని గుండానే ఆమె తెర మీదికి వస్తుంది. షిఫ్ట్ ముగిసి విండో మూయగానే అది పోతుంది. ఎవరెవరు లాగిన్ అయ్యారో చూసే 'హూ' కమాండ్ కొడితే, పేరు పక్కన పీటీఎస్ బై సున్నా, పీటీఎస్ బై ఒకటి అని దాని ఆనవాలు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. అదేమిటని అడిగినవాళ్లు లేరు. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఆ అమ్మాయికి దాని పేరు ఎవరూ చెప్పలేదు. ఆమెను అనడానికి నాకు నోరు రాదు. నా గోడంతా ఆ చెప్పనివాళ్లతోనే.

నేను ఈ ఊళ్లోనే ప్రోగ్రాములు రాసుకుంటూ, సాయంత్రాలు పిల్లలకు లినక్స్ చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. గాజువాక నుంచి, మద్దిలపాలెం నుంచి, అటు అనకాపల్లి నుంచి కూడా వస్తారు. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. ఫోర్క్ తెలుసు, పైపు తెలుసు, షేర్డ్ మెమరీ తెలుసు, సెమాఫోర్ తెలుసు. బల్ల చుట్టూ కూర్చున్న అయిదుగురు తత్వవేత్తల లెక్క నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. "టెర్మినల్ అంటే ఏటమ్మా?" అంటే మాత్రం నల్లటి విండో వైపు వేలు చూపిస్తారు. దాని వెనక ఏముందని అడిగితే తల దించుకుంటారు. ఆ తల దించుకోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇంత తెలివైన పిల్లలు, రోజంతా దాని ముందే కూర్చునే పిల్లలు, దాన్ని గురించి ఒక్క వాక్యం విననే లేదు.

ఉద్యోగంలో చేరాక ఆ లోటు బయటపడుతుంది. "సర్వర్ మీద ఈ కమాండ్ నడిపి, వచ్చిన జవాబు చదివి, దాన్నిబట్టి తర్వాతి కమాండ్ ఇచ్చే ప్రోగ్రాం ఒకటి రాయి" అంటాడు టీమ్ లీడ్. కుర్రాడు చదువుకున్నదే చేస్తాడు. రెండు పైపులు పెట్టి, ఫోర్క్ చేసి, ఎగ్జెక్ చేస్తాడు. చిన్నచిన్న కమాండ్లు చక్కగా నడుస్తాయి. ధైర్యం వచ్చి అసలు ప్రోగ్రాంని తగిలిస్తాడు. చేత్తో నడిపినప్పుడు లైను వెనక లైను చెప్పిన ప్రోగ్రామే ఇప్పుడు నోరు విప్పదు. నాకు ఫోన్ వస్తుంది. "సార్, హ్యాంగ్ అయిపోయింది సార్."

హ్యాంగ్ అవలేదు. సీ లైబ్రరీ తన అవుట్‌పుట్ అవతల టెర్మినల్ ఉందా లేదా అని ముందే చూసుకుంటుంది. టెర్మినల్ ఉంటే లైను పూర్తవగానే పంపేస్తుంది, ఎందుకంటే అక్కడ మనిషి కూర్చుని ఎదురుచూస్తున్నాడని దాని నమ్మకం. పైపు ఉంటే తొందరేముందని తన దగ్గరే పోగేసుకుంటుంది. సాధారణంగా 4,096 బైట్లో అంతకన్నా ఎక్కువో నిండితే గాని వదలదు. అంటే ఆ ప్రోగ్రాం జవాబు చెప్పింది, ఆ జవాబు దాని ఒళ్లోనే ఉండిపోయింది. మన ప్రోగ్రాం జవాబు కోసం చూస్తుంటుంది, అది తర్వాతి ప్రశ్న కోసం చూస్తుంటుంది. రెండూ అలా తెల్లారేదాకా కూర్చుంటాయి. కుర్రాడు మధ్యలో అయిదు సెకన్ల స్లీప్ పెడతాడు. తర్వాత పది పెడతాడు. ఆ రాత్రంతా వాడి సొంత తెలివి మీద వాడికే అనుమానం పుడుతుంది. పీటీవై అనే మాట ఎవరైనా ఒక్కసారి చెవిన వేసి ఉంటే ఆ రాత్రి వాడు హాయిగా నిద్రపోయేవాడు.

పాస్‌వర్డ్ దగ్గర ఇంకో దెబ్బ తగులుతుంది. ఎస్ఎస్‌హెచ్ గాని, సుడో గాని మామూలుగా పాస్‌వర్డ్‌ని స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి అడగవు. నేరుగా తమను పట్టి ఉన్న టెర్మినల్‌ని వెతుక్కుంటూ వెళ్లి అక్కడ అడుగుతాయి. పైపులో ఎంత పోసినా వాటికి చేరదు. కంట్రోల్-సి కూడా అంతే. పైపులోకి పంపితే అది 3 అనే విలువ ఉన్న ఒక బైటు, ఆగమని ఎవరికీ చెప్పదు. టాప్, వీఐ లాంటివి తెర ఎన్ని వరసలో, ఎన్ని నిలువులో అడుగుతాయి. పైపుకి పొడవూ వెడల్పూ ఉండవు. షెల్‌ని ఇంటరాక్టివ్‌గా నడిపితే జాబ్ కంట్రోల్ లేదని ముందే చెప్పేస్తుంది.

వీటన్నిటికీ జవాబు ఒక్కటే. పీటీవైలో రెండు కొసలు ఉంటాయి. ఒక కొస మన ప్రోగ్రాం చేతిలో, రెండోది షెల్ చేతిలో. షెల్ వైపు నుంచి చూస్తే అది అచ్చమైన టెర్మినల్. టెర్మినలేనా అని అడిగితే అవునంటుంది, కొలతలు అడిగితే చెబుతుంది, ఎకో ఆపమంటే ఆపుతుంది. రెండు కొసల మధ్య కెర్నల్‌లో లైన్ డిసిప్లిన్ అనే పొర ఉంటుంది. అసలు పనిమంతుడు అదే. టైపు చేసిన అక్షరాన్ని తిరిగి చూపించేది అది, బ్యాక్‌స్పేస్ కొడితే చెరిపేది అది, 3 అనే ఆ బైటుని చూసి ముందు నడుస్తున్న ప్రాసెస్‌ల గుంపు మొత్తానికి ఆగమని సిగ్నల్ పంపేది అది. మన ప్రోగ్రాం ఇవతలి కొసలో ఒక బైటు రాస్తే చాలు, అవతల ఒక మనిషి వేలు కీబోర్డు మీద పడినట్టే జరుగుతుంది.

వాడటం బ్రహ్మవిద్యేమీ కాదు. పోసిక్స్_ఓపెన్‌పీటీ అని పిలిస్తే ఇవతలి కొస వస్తుంది. గ్రాంట్‌పీటీతో హక్కులు సరిచేసి, అన్‌లాక్‌పీటీతో తాళం తీసి, పీటీఎస్‌నేమ్‌తో అవతలి కొస పేరు తెలుసుకుంటాం. ఫోర్క్ చేశాక పిల్ల ప్రాసెస్‌లో ముందు సెట్‌సిడ్ పిలవాలి. పాత టెర్మినల్‌తో బంధం తెంచుకుని కొత్త సెషన్‌కి పెద్ద అవడానికి అది. అప్పుడు అవతలి కొస తెరిస్తే లినక్స్‌లో అదే దాన్ని పట్టి ఉంచే టెర్మినల్ అవుతుంది. దాన్ని 0, 1, 2 నంబర్ల మీదికి డూప్ చేసి షెల్‌ని ఎగ్జెక్ చేయడమే. ఇన్ని మెట్లు వద్దనుకుంటే ఫోర్క్‌పీటీ అనే ఒక్క పిలుపులో ఎగ్జెక్ తప్ప అన్నీ అయిపోతాయి. పైథాన్‌లో పీటీవై అనే పేరుతోనే మాడ్యూల్ ఉంది. పెక్స్‌పెక్ట్ వాడితే ఇంకా సుళువు. "పాస్‌వర్డ్ అని కనిపించేదాకా ఆగు, కనిపించాక ఇది పంపు" అని మనం మాటల్లో చెప్పుకున్నట్టే రాసుకోవచ్చు.

దీనికీ కొన్ని పట్టింపులున్నాయి, దాచను. మనం పంపిన కమాండే ముందు తిరిగి వస్తుంది, ఎకో వల్ల. లైను చివర ఒక అక్షరం బదులు రెండు వస్తాయి. అవతల షెల్ ముగిసిపోయాక చదివితే లినక్స్‌లో ఫైలు అయిపోయిందనే సున్నా రాదు, ఇన్‌పుట్-అవుట్‌పుట్ ఎర్రర్ వస్తుంది. మామూలు మోడ్‌లో ఒకే లైను 4,096 బైట్లు దాటితే మిగతాది చడీచప్పుడు లేకుండా పోతుంది. రాయడమే తప్ప చదవడం మరిచిపోతే రెండు వైపులా నిండిపోయి బిగుసుకుపోతుంది. ఇవన్నీ ఒక పూటలో చెప్పగలిగినవి. చెప్పకపోతే మాత్రం ఒక్కొక్కటీ ఒక్కొక్క ఉద్యోగిని వారాలపాటు తింటుంది. "పీటీవై నమ్మదగింది కాదు" అని తేల్చేసి మళ్లీ స్లీపుల్లోకి పోయేవాళ్లని ఎందరినో చూశాను. ఎవరూ పరిచయం చేయని పనివాడి మీద అలా ముద్ర వేయడం అన్యాయం.

చరిత్రలో కూడా దీనికి దక్కాల్సిన మాట దక్కలేదు. టెర్మినల్ అనేది ఒకప్పుడు గదిలో చప్పుడు చేసే ఇనుప యంత్రం. టెలిటైప్ మోడల్ 33 అనేది 1963లో వచ్చింది, సెకనుకి 10 అక్షరాలు కొట్టేది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టినప్పుడు ఎదురుగా ఉన్నవి ఆ జాతి యంత్రాలే. మన దేశంలో ఆ జాతిని తయారుచేయడానికే మద్రాసు గిండీలో 1960లో హిందుస్థాన్ టెలిప్రింటర్స్ పెట్టారు. రేవు ఉన్న ఊరు కాబట్టి విశాఖకి ఆ చప్పుడు కొత్త కాదు. ఓడ ఎప్పుడు వస్తుందో, ఏం దింపుతుందో తెలిపే టెలెక్స్ కాగితం షిప్పింగ్ ఏజెంట్లకి ప్రాణంతో సమానంగా ఉండేది. ఆ యంత్రాలన్నీ తుక్కులోకి పోయాయి. టెలిగ్రాం కూడా 2013 జులైలో ఆగిపోయింది. యంత్రం పోయినా, దాని ఎదుట కూర్చుని మాట్లాడేలా రాసుకున్న ప్రోగ్రాములు పోలేదు. వాటికి యంత్రం ఉన్నట్టే అనిపించాలి. ఆ బాధ్యత మొత్తం పీటీవై నెత్తిన పడింది.

ఆ ఊహ కూడా నిన్నటిది కాదు. డిజిటల్ కంపెనీ పీడీపీ-6 యంత్రంలో 1967 నాటికే సూడో టెర్మినళ్లు ఉన్నాయి, బ్యాచ్ పనులు నడపడానికి. యూనిక్స్‌లో అందరి చేతికీ వచ్చింది 1983లో, 4.2 బీఎస్‌డీతో. నెట్‌వర్క్ మీద నుంచి లాగిన్ అవ్వాలంటే అది లేనిదే కుదరలేదు. తర్వాత వచ్చిన ఎన్ని పేర్లకి మనం చప్పట్లు కొట్టామో చూడండి. ఎక్స్‌టెర్మ్, ఎస్ఎస్‌హెచ్, 1987 నాటి స్క్రీన్, ఆ తర్వాతి టీమక్స్, ఇవాళ్టి కంటెయినర్లలోకి దూరి షెల్ తెరిచే కమాండ్లు, వీఎస్ కోడ్‌లో కిందివైపు తెరుచుకునే టెర్మినల్, అన్నిటి లోపలా పీటీవైయే ఉంది. మనం చెప్పినదాన్ని బట్టి కోడ్ రాసే కృత్రిమ మేధ సహాయకాల్లో కొన్ని కూడా షెల్ నడపడానికి దీన్నే ఆశ్రయిస్తున్నాయి. విండోస్‌లో ఇలాంటిది 2018 దాకా లేదు. అందాకా కనిపించని కన్సోల్ విండో ఒకటి తెరిచి, దాని మీది అక్షరాలను గీకి తెచ్చుకునే తంటా పడ్డారు. లేనివాళ్లు పడ్డ ఆ పాట్లు చూస్తే ఉన్నదాని విలువ తెలియాలి.

దీని విలువ గుర్తించి దీనికోసం నడుం కట్టినవాడు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన డాన్ లీబ్స్. 1990లో ఎక్స్‌పెక్ట్ అనే పనిముట్టుని లోకానికి చూపించాడు. మనిషి ఉంటే తప్ప నడవని ప్రోగ్రాములని పీటీవైలో కూర్చోబెట్టి, ప్రశ్నకి జవాబుగా ఏం పంపాలో స్క్రిప్టులో రాసుకునే ఏర్పాటు అది. దాని మీదే డెజాగ్నూ కట్టారు. డెజాగ్నూతోనే జీసీసీ కంపైలర్‌ని పరీక్షిస్తారు. మన కాలేజీ ల్యాబుల్లో పిల్లలు ఏ కంపైలర్‌తో మొదటి సీ ప్రోగ్రాం నడుపుతారో, ఆ కంపైలర్ సరిగ్గా ఉందని తేల్చే పరీక్షలకి ఆధారం పీటీవై. ఆ ల్యాబులోనే దాని పేరు ఎవరూ ఎత్తరు.

ఊరి మాట ఒకటి చెప్పాలి, ఎందుకంటే దీని మేలు నేను ఎక్కువ అనుభవించింది ఇక్కడే. పోర్టుకీ స్టీలు ప్లాంటుకీ తిరిగే లారీల ఊరు ఇది. బొగ్గు, ఖనిజం, ఎరువులు, ఇనప చువ్వలు, ఏది కదలాలన్నా కాటా మీదికెక్కాలి. ఖాళీ లారీ తూకం, నిండు లారీ తూకం, మధ్య తేడాకి బిల్లు. కాటా గదిలో బరువు చూపించే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ ఒకటి కంప్యూటర్‌కి వస్తుంది. అందులోంచి బరువు అక్షరాలుగా వస్తూనే ఉంటుంది. ఆ అక్షరాలు చదివి టికెట్ కొట్టే ప్రోగ్రాములు నేను రాశాను. అసలు కాటా దగ్గర నిలబడి ప్రోగ్రాం సరిచేసుకునే తీరిక మనకి ఎవరిస్తారు? వెనక లారీలు బారులు తీరి ఉంటాయి, డ్రైవర్లు హారన్లు కొడుతుంటారు. అరగంట కాటా ఆగిందంటే యజమాని ముఖం మాడిపోతుంది.

అప్పుడు నన్ను కాపాడింది పీటీవై. సోక్యాట్ అనే పనిముట్టుతో రెండు పీటీవైలు తెరిచి ఒకదానికొకటి తగిలిస్తాం. ఒకవైపు నా టికెట్ ప్రోగ్రాం, అది సీరియల్ పోర్టనుకుని తెరుస్తుంది. రెండోవైపు నేను రాసుకున్న ఉత్తుత్తి కాటా, బరువులు పంపుతూ ఉంటుంది. లారీ ఎక్కుతున్నప్పుడు బరువు ఊగినట్టు పంపొచ్చు. లైను మధ్యలో తెగినట్టు పంపొచ్చు. చెత్త అక్షరం వచ్చినట్టు, కేబుల్ ఊడినట్టు చేయొచ్చు. వానాకాలం తేమకి కనెక్టర్ తుప్పుపట్టి అంకె ఎగిరిపోయే జబ్బుని కూడా ఇంట్లో కూర్చుని పుట్టించి, మందు కనిపెట్టాను. వేగం 9600 అని ప్రోగ్రాం అడిగితే సరేనంటుంది, దాన్ని పట్టించుకోదు, అంతే. మోడెం సంకేతాల తీగలు మాత్రం దానికి లేవు. ప్రోగ్రాం వాటిని అడిగితే ఎర్రర్ వస్తుంది, ఆ ఒక్కచోట సర్దుకోవాలి. ఖర్చు పైసా లేదు. ఇదే పనికి కొందరు పాత ఇండికేటర్ సెకండ్‌హ్యాండ్‌లో కొని బల్ల మీద పెట్టుకోవడం చూశాను. వాళ్లు నాకంటే తెలివితక్కువ వాళ్లు కారు. వాళ్లకి చెప్పేవాళ్లు లేరు, అదొక్కటే తేడా.

ఈ ఊరివాళ్లకి తెగిన లైను అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, ఫోను, నెట్ అన్నీ పోయి నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. అంత పెద్ద తుపాను అక్కర్లేదు, మామూలు ఈదురుగాలికే లింకు తెగే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. లింకు తెగితే ఏమవుతుంది? సర్వర్ వైపు ఎస్ఎస్‌హెచ్ తన చేతిలో ఉన్న కొసని వదిలేస్తుంది. వెంటనే కెర్నల్, అవతలి కొస పట్టుకున్న షెల్‌కి సిగ్‌హప్ అనే సిగ్నల్ పంపుతుంది. మోడెం రోజుల్లో ఫోన్ పెట్టేశారని చెప్పడానికి పుట్టిన సిగ్నల్ అది. దాంతో షెల్ పోతుంది, దానితోపాటు మూడు గంటలుగా నడుస్తున్న పని కూడా పోతుంది. టీమక్స్ వాడితే పోదు. ఎందుకు పోదని అడిగితే "టీమక్స్ గొప్పది సార్" అంటారు. గొప్పదే, కాదనను. పీటీవై ఇవతలి కొసని సర్వర్ మీదే ఉన్న ఒక ప్రాసెస్ చేతిలో పెట్టడమే అది చేసిన పని. తీగ ఎక్కడ తెగినా ఆ చెయ్యి వదలదు, షెల్‌కి తెగిన సంగతే తెలియదు. ఆ కొస అనేది లేకపోతే పట్టుకోవడానికి టీమక్స్‌కి ఏముంది?

ఇంకో బాధ ఉంది, ఇది తెలుగువాళ్లం మనమే పడాల్సిన బాధ. టెర్మినల్‌లో ఒక ప్రోగ్రాం మీ ఊరి పేరు అడిగిందనుకోండి. 'విశాఖ' అని తెలుగులో కొట్టారు. చూడ్డానికి మూడక్షరాలు. యూనికోడ్‌లో వకారం, గుడి, శకారం, దీర్ఘం, ఖకారం, మొత్తం 5 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటీ 3 బైట్లు, మొత్తం 15. పూర్వం లైన్ డిసిప్లిన్‌కి బైటు తప్ప మరోటి తెలియదు. బ్యాక్‌స్పేస్ కొడితే ఒక బైటు చెరిగి, మిగిలిన రెండూ విరిగిన ముక్కలుగా ఉండిపోయేవి. తర్వాత లినక్స్‌లో ఐయూటీఎఫ్8 అనే మీట వచ్చింది. అది వేసి ఉంటే ఒకసారి కొడితే ఒక సంకేతం పూర్తిగా చెరుగుతుంది. బాగుంది. ఇక్కడే మన కథ అడ్డం తిరుగుతుంది. ఒక సంకేతం చెరిపిన ప్రతిసారీ కెర్నల్ తెర మీద ఒక గడి వెనక్కి జరుగుతుంది. గుడికీ దీర్ఘానికీ తెర మీద చాలా టెర్మినళ్లు వేరే గడి ఇవ్వవు. అంటే 'విశాఖ' మూడు గడులే పడుతుంది, చెరిపేటప్పుడు మాత్రం అయిదు గడులు వెనక్కి పోతాం. ముందున్న ప్రశ్నలోంచి రెండక్షరాలు ఎగిరిపోతాయి. లోపల నిలవ ఉన్నది సరిగ్గానే ఉంటుంది, కంటికి కనిపించేది తప్పవుతుంది.

బాష్‌లో అయితే రీడ్‌లైన్ తన లెక్క తాను చూసుకుంటుంది కాబట్టి ఇది బయటపడదు. ఉత్త లైను చదివే ప్రోగ్రాముల్లోనే బయటపడుతుంది. తెలుగులో టెర్మినల్ ప్రోగ్రాం రాద్దామని ఉత్సాహంగా వచ్చే పిల్లలు సరిగ్గా ఇక్కడే తట్టుకుని పడతారు. "తెలుగు కంప్యూటర్‌కి పనికిరాదు సార్" అని వెళ్లిపోతారు. నా గుండె మండేది ఆ మాటకే. పనికిరానిది తెలుగు కాదు. గుడీ దీర్ఘమూ లేని భాషల్లో టైపు చేసేవాడికి ఈ తప్పు కనిపించదు, కనిపించనిదాన్ని వాడు దిద్దడు. దిద్దగలిగింది మనం. కెర్నల్‌లో ఆ లైన్ డిసిప్లిన్ కోడ్ ఎవరైనా చదవచ్చు, ఎవరైనా ప్యాచ్ పంపొచ్చు. చదవాలంటే ముందు అలాంటి పొర ఒకటుందని తెలియాలి కదా. మన పిల్లలకి దాని పేరే చెప్పకుండా, తెలుగు వెనకబడిందని సభల్లో వాపోతే ఏం లాభం?

అయ్యా, సిలబస్ కమిటీల్లో కూర్చునే పెద్దలారా, మీరు తత్వవేత్తల లెక్క తీసేయమని నేను అడగడం లేదు. దాని పక్కన ఒక్క వారం దీనికి ఇవ్వండి. పదేళ్లుగా మారని ప్రశ్నల జాబితాలో ఒక్క ప్రశ్న మార్చండి. మిగతా ప్రపంచంలో ప్రోగ్రామర్లు దీన్ని ఎక్కడో చీకట్లో తడుముకుంటూ నేర్చుకుంటే నేర్చుకోనివ్వండి. సర్వర్ల కాపలా ఉద్యోగాలు దొరికే ఊరు మనది, రాత్రంతా టెర్మినల్ ముందు కూర్చుని కుటుంబాన్ని పోషించే పిల్లలున్న ఊరు మనది. వాళ్ల అన్నం ముద్ద ఏ దారిలో వస్తోందో వాళ్లకి తెలియాల్సిన అవసరం లేదా? కంపెనీల్లో ట్రైనింగ్ ఇచ్చేవాళ్లకీ ఇదే మనవి. కొత్త కుర్రాడికి ఆటోమేషన్ ఫ్రేమ్‌వర్క్ పేరు చెప్పి ఊరుకోవద్దు. దాని లోపల షెల్‌ని ఏది మోస్తోందో ఒక గంట చూపించండి. స్లీపులు పెట్టి నెట్టుకొచ్చిన స్క్రిప్టు నెట్‌వర్క్ నెమ్మదించిన రోజు కూలిపోతుంది, ఆ రోజు తిట్లు తినేది ఆ కుర్రాడే.

ల్యాబ్‌లో ఏం చేయించాలో కూడా చెబుతాను, ఎవరూ కష్టపడక్కర్లేదు. మొదటి రోజు ఒక చిన్న ప్రోగ్రాంని పైపు మీద నడిపించి, లైన్లు ఎందుకు ఆగాయో పిల్లల చేతే కనిపెట్టించండి. రెండో రోజు ఫోర్క్‌పీటీతో అదే ప్రోగ్రాంని నడిపించండి. లైన్లు గలగలా వచ్చేస్తుంటే వాళ్ల ముఖాలు చూడండి. మూడో రోజు పోల్‌తో రెండు వైపులా చదువుతూ, వచ్చినదాన్నంతా ఫైల్లో రాసుకునే ప్రోగ్రాం రాయించండి. యూనిక్స్‌లో ఏళ్ల తరబడి ఉన్న స్క్రిప్ట్ కమాండ్ చేసేది అదే, సీలో రాస్తే ఒకటి రెండు పేజీలు. నాలుగో రోజు విండో సాగదీసి, కొత్త కొలతలు అవతలి కొసకి చేరేలా చేయించండి. వీఐ తనంతట తాను సర్దుకుంటుంది. అయిదో రోజు షెల్‌ని చంపించి, ఇవతల వచ్చే ఎర్రర్‌ని మర్యాదగా అందుకోవడం నేర్పండి. ల్యాబ్‌లో ఉన్న పాత కంప్యూటర్లు చాలు. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఈ వారం పాఠం ఎవరైనా పెట్టదలిస్తే నా నోట్సు, నా ఉత్తుత్తి కాటా కోడ్ అన్నీ తెలుగులోనే రాసి ఉన్నాయి, ఇచ్చేస్తాను. వైవాలో ఎక్స్‌టర్నల్‌గా వచ్చే సార్లని, మేడమ్‌లని అడిగేది ఒక్కటే. ఈసారి సెమాఫోర్ అడిగాక, "నువ్వు లాగిన్ అయినప్పుడు పీటీఎస్ బై సున్నా అని వచ్చింది కదమ్మా, అదేమిటి?" అని కూడా అడగండి.